మందు రాయని డాక్టర్‌కి 600 రూపాయలు ఇచ్చాను, ప్రతి రూపాయీ న్యాయమే

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. విశాఖపట్నంలో సీతమ్మధార వైపు ఉన్న ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్ళాను, 600 రూపాయలు ఫీజు కట్టాను, బయట గంటా నలభై నిమిషాలు కూర్చున్నాను, లోపల డాక్టర్ గారు చూసి, ఇరవై నిమిషాలు మాట్లాడి, చీటీ మీద ఒక్క మందు కూడా రాయకుండా పంపించారు. అంగం మీద కనిపించిన చిన్న బొడిపెలు సుఖవ్యాధేమోనని ఐదు నెలలుగా నాకు నిద్ర లేకుండా చేసిన భయం ఆ సాయంత్రంతో పోయింది. ఇప్పటిదాకా ఏ ఆసుపత్రి గురించీ రివ్యూ రాయలేదు. దీనికి మాత్రం రాయాలనిపించింది, ఎందుకంటే నాకు ఉన్నదే ఈ ఊళ్ళో వేలమంది మగవాళ్ళకి ఉంటుంది, కానీ పక్కవాడితో చెప్పుకునేవాళ్ళు దాదాపు ఉండరు.

క్లినిక్ పేరు రాయట్లేదు. రిసెప్షన్ గురించి నాకు ఒక ఫిర్యాదు ఉంది, కింద రాస్తాను, ఆ ఒక్కదాని వల్ల డాక్టర్ గారికి చెడ్డపేరు రాకూడదు. పైగా మీరు అక్కడికే వెళ్ళాలని కూడా నేను అనట్లేదు. బోర్డు మీద పేరు పక్కన ఎండీ డీవీఎల్ అనో డీడీవీఎల్ అనో ఉందా చూసుకోండి, చాలు. అందులో డీ అంటే చర్మం, వీ అంటే సుఖవ్యాధులు, ఎల్ అంటే కుష్ఠు. అంటే మొటిమలకీ జుట్టు రాలడానికీ వెళ్ళే చర్మ డాక్టరే ఆ భాగానికి కూడా డాక్టర్. ఇరవై ఏడేళ్ళు వచ్చినా నాకు ఈ సంగతి తెలియదు, నాకు తెలిసినవాళ్ళలో చాలామందికి తెలియదు, అందుకే గోడల మీద పోస్టర్లు చూసి ఎక్కడెక్కడికో పోతున్నాం.

ఇక నా సమస్య. మొహమాటం లేకుండా రాస్తాను, ఇలాంటివి మొహమాటంగా రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. అంగం ముందు భాగం ఉంటుంది కదా, ముందు చర్మం వెనక్కి తీస్తే కనిపించే గుండ్రటి భాగం, దాని అంచు చుట్టూ సన్నటి తెల్లటి బొడిపెలు, వరసగా, ఒకచోట రెండు వరసలు. నొప్పి లేదు, దురద లేదు, చీము లేదు. నిశ్చితార్థం అయిన వారానికి ఒకరోజు స్నానం చేస్తుంటే కంటపడ్డాయి. మూడేళ్ళ క్రితం నాకు ఒక పరిచయం ఉండేది, అది వెంటనే గుర్తొచ్చింది. ఆ రాత్రి ఫోన్‌లో వెతికితే వచ్చిన ఫోటోలు చూసి చెమటలు పట్టాయి. సుఖవ్యాధి అని నాకు నేనే తేల్చేసుకున్నాను. నిశ్చితార్థమైన అమ్మాయి ఫోన్ చేస్తే సరిగ్గా మాట్లాడలేకపోయేవాణ్ణి, పెళ్ళి పనుల గురించి అమ్మ ఏదైనా అడిగితే విసుక్కునేవాణ్ణి, ఇంట్లో వాళ్ళు నాకు ఈ సంబంధం ఇష్టం లేదేమో అనుకోవడం మొదలుపెట్టారు. అసలు కారణం ఎవరితో చెప్తాను?

మొదట చేసింది మందుల షాపుకి వెళ్ళడం. మా గాజువాకలో అయితే తెలిసినవాళ్ళు ఉంటారని వేరే ఏరియాకి పోయి, కౌంటర్ దగ్గర జనం తగ్గేదాకా ఆగి, "గజ్జల్లో పొక్కులు" అని గొణిగాను. ఏమీ అడగకుండా ఒక ట్యూబు చేతిలో పెట్టారు. మూడు వారాలు రాశాను. బొడిపెలు అలాగే ఉన్నాయి, చుట్టూ చర్మం మాత్రం ఎర్రబడి మంట మొదలైంది, స్నానం చేస్తే నీళ్ళు తగిలినా చురుక్కుమనేది. ఆ ట్యూబులో ఏముందో తర్వాత డాక్టర్ గారు చదివి చెప్పారు: గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్, మూడూ కలిపి. మన దగ్గర తామరకి, దురదకి, తెల్లగా అవడానికి, అన్నిటికీ ఈ రకం ట్యూబులే చేతులు మారుతుంటాయి. ముంజేతి చర్మంతో పోలిస్తే వృషణాల సంచి చర్మం స్టెరాయిడ్‌ని 40 రెట్లకి పైగా లోపలికి పీల్చుకుంటుందట. అక్కడి చర్మం అంత పల్చన. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చారలు పడతాయి, అవి జన్మలో పోవు. ఇది చదివేవాళ్ళలో ఎవరి దగ్గరైనా అలాంటి ట్యూబు ఉంటే దయచేసి ఇవాళే ఆపి డాక్టర్‌కి చూపించండి.

తర్వాత ఒక ఫ్రెండ్‌తో, నాకు కాదు వేరేవాడికి అన్నట్టు చెప్పాను. వాడు మంచివాడే, మేలు కోరే చెప్పాడు, కానీ చెప్పింది ఏంటంటే అవి పులిపిర్లని, గుర్రపు వెంట్రుక బిగించి కడితే రాలిపోతాయని. మెడ మీద పులిపిరికి మా అమ్మమ్మ అలాగే కట్టడం నేనూ చూశాను. చేయలేదు కానీ రెండు రోజులు ఆలోచించాను, భయం మనిషిని అంతదాకా తీసుకెళ్తుంది. డాక్టర్ గారితో ఇది చెప్తే, వెంట్రుకలు కట్టుకుని, సున్నం పెట్టుకుని, పులిపిర్ల యాసిడ్ పోసుకుని పుండు చేసుకొచ్చేవాళ్ళు తన దగ్గరికి వస్తూనే ఉంటారని అన్నారు. ఏమీ లేని చోట పుండు తెచ్చుకోవడం, తర్వాత ఆ పుండుకి వైద్యం.

మూడోది ఇంకా బాధ. బస్సులో వెళ్తుంటే గోడ మీద గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం అని కనిపించిన ఒక చోటికి వెళ్ళాను. పేరు, ఏరియా రాయను. అక్కడి మనిషి సరిగ్గా చూడను కూడా చూడలేదు, టార్చి వేసి ఒక్క క్షణం చూసి, వేడి అన్నాడు, చిన్నప్పటి అలవాట్ల వల్ల నరాలు బలహీనపడ్డాయన్నాడు, ఇలాగే పెళ్ళి చేసుకుంటే ఆ అమ్మాయి జీవితం కూడా పాడవుతుందన్నాడు. ఆ చివరి మాట దగ్గరే నేను పడిపోయాను. 4,500 రూపాయలకి పొడులు, ఒక నూనె సీసా. లేజర్ కూడా ఉందని, దానికి 25,000 అవుతుందని, సగం ముందు కట్టమని అన్నాడు. సుఖవ్యాధులు నయం చేస్తామని, మగతనం పెంచుతామని ప్రకటనలు ఇవ్వడమే మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరమని నాకు అప్పటికి తెలియదు. డెబ్బై ఏళ్ళు దాటిన చట్టం ఉండి కూడా ఆ గోడలు అలాగే ఉన్నాయంటే నాకు చాలా కోపం వస్తుంది. ఎందుకంటే ఆ గోడలు చదివేది సిగ్గుతో ఎవరినీ అడగలేని పిల్లలు, పద్దెనిమిదేళ్ళవాళ్ళు, పందొమ్మిదేళ్ళవాళ్ళు.

ఆ పొడులు రెండు రోజులు మింగి కడుపు పాడైంది, పారేశాను. అప్పుడు ఈ క్లినిక్‌కి వెళ్ళాను.

వెళ్ళగానే రిసెప్షన్. ఫిర్యాదు ఇక్కడే. హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు, ఎక్కువ ఆడవాళ్ళు, పిల్లలు. కౌంటర్ అమ్మాయి పేరు, వయసు, ఫోన్ నంబరు రాసుకుని అందరికీ వినపడేలా "ప్రాబ్లమ్ ఏంటండీ?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. మళ్ళీ అడిగింది. "జుట్టు రాలుతోంది" అన్నాను. కాగితం మీద అదే రాసింది, లోపల డాక్టర్ గారు కూడా ముందు నా తలే చూడబోయారు. ఆ అమ్మాయి తప్పు కాదు, ఆమెకి అలా అడగమనే చెప్పి ఉంటారు. కానీ సుఖవ్యాధుల డాక్టర్ అని బోర్డు పెట్టి, హాల్లో అందరి ముందూ సమస్య చెప్పమంటే ఎలా? ఒక చిన్న కాగితం ఇచ్చి రాసి ఇమ్మన్నా సరిపోతుంది. చాలామంది ఆ కౌంటర్ దగ్గర నుంచే వెనక్కి తిరిగిపోతారని నా నమ్మకం, నేను కూడా రెండు సార్లు లేచి తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మీకు ఇలాంటిది ఎదురైతే "డాక్టర్ గారితోనే చెప్తానండీ" అనండి. రెండోసారి వెళ్ళినప్పుడు నేను అలాగే అన్నాను, మారు మాట్లాడకుండా టోకెన్ ఇచ్చారు.

డాక్టర్ గారు పెద్దాయన, యాభై ఐదు పైనే ఉంటాయి. జుట్టు కాదు సర్ అని నేను అసలు విషయం మొదలుపెట్టగానే కాంపౌండర్‌ని బయటికి పంపించి తలుపు వేయించారు. నాకు అక్కడే సగం ధైర్యం వచ్చింది.

"ఎంత కాలం నుంచి ఉన్నాయి బాబూ?"

"ఐదు నెలల నుంచి సర్."

"ఐదు నెలల కింద వచ్చాయా, ఐదు నెలల కింద నువ్వు చూశావా?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగానే లేదు. అంతకుముందు ఆ అంచుని నేను ఎప్పుడు అంత దగ్గరగా చూశాను? స్నానం, రెండు చెంబుల నీళ్ళు, అయిపోయింది. ఆయన అన్నది ఏమిటంటే, ఈ సమస్యతో వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది పెళ్ళి కుదిరాకో, ఏదైనా తప్పు చేశామన్న భయం పుట్టాకో మొదటిసారి తేరిపార చూసుకుంటారు, అప్పటిదాకా ఉన్నవే ఆ రోజు కొత్తగా కనపడతాయి. ఇవి సాధారణంగా ఎదిగే వయసు దాటాక వస్తాయి, తర్వాత ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. నాకైతే పద్దెనిమిదేళ్ళకే వచ్చి ఉండవచ్చు.

తెర వెనక్కి తీసుకెళ్ళి, గ్లవ్స్ వేసుకుని, చెప్పి మరీ చూశారు. ఒకటి మెచ్చుకోవాలి, ప్రతి పనికీ ముందు "ఇప్పుడు చర్మం వెనక్కి తీస్తాను", "ఇప్పుడు లెన్సు పెడతాను" అని చెప్పారు. డెర్మోస్కోప్ అట, లైటు ఉన్న చేతి లెన్సు, దానితో అంచు చుట్టూ చూశారు. ఫోటో తీయలేదు. అంతా మూడు నిమిషాల పని. బయటికి వచ్చాక ఒక లావు పుస్తకం తీసి ఒక పేజీ చూపించారు. అచ్చం నాదే. ఎవరో తెలియని మనిషి ఫోటో, అవే బొడిపెలు, అదే వరస. నాకు ఆ పేజీ చూశాక గొంతు పూడుకుపోయింది, ఆయన గమనించి మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపారు.

దీని పేరు పెర్లీ పెనైల్ పాప్యూల్స్. ముత్యాల్లాంటి బొడిపెలు అని. ఒక్కోటి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, తెల్లగానో, లేత గులాబీగానో, ఒంటి రంగులోనో ఉంటుంది, అంచు చుట్టూ ఒకటో రెండో మూడో వరసలుగా ఉంటుంది. చర్మంలో పీచులాంటి కణజాలం, సన్నటి రక్తనాళాలు కలిసి అక్కడక్కడ కాస్త పైకి ఉబ్బుతాయి, అంతే. వైరస్ లేదు, బ్యాక్టీరియా లేదు, ఫంగస్ లేదు. కాబట్టి అంటుకోవు, భార్యకి రావు, పిల్లలు పుట్టడానికి అడ్డం కావు, క్యాన్సర్‌గా మారవు. శుభ్రత లేకపోవడం వల్ల రావు, హస్తప్రయోగం వల్ల రావు, ఎవరితోనో తిరిగినందువల్ల రావు. జీవితంలో ఎవరినీ ముట్టుకోని వాడికి కూడా ఉంటాయి.

ఎంతమందికి ఉంటాయి సర్ అని అడిగాను. లెక్కలు చోటుని బట్టి మారుతాయి కానీ పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది వందమంది మగవాళ్ళలో 14 నుంచి 48 మంది దాకా అని. తక్కువ లెక్కే పట్టుకున్నా ఏడుగురిలో ఒకడు. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువ, వయసు పెరిగే కొద్దీ కొంచెం కొంచెం తగ్గుతాయి. సున్తీ చేయించుకోని వాళ్ళలో ఇంకాస్త ఎక్కువ. నేను బయట హాల్లో కూర్చున్న మగవాళ్ళని, మా ఫ్యాక్టరీ బస్సులో నాతో రోజూ వచ్చే యాభై మందిని తలుచుకున్నాను. అందులో కనీసం ఏడుగురు. ఐదు నెలలు నేను ఒక్కణ్ణే అనుకున్నాను.

"కొందరికి చెవి తమ్మె వేలాడుతుంది, కొందరికి బుగ్గకి అతుక్కుని ఉంటుంది. అది జబ్బా? ఇదీ అంతే బాబూ" అన్నారు.

అయినా నా అనుమానం పోలేదు, పులిపిర్లు కాదని ఎలా చెప్పగలరని అడిగాను. విసుక్కోలేదు. కాగితం మీద రెండు బొమ్మలు వేశారు. ఒకదానిలో అంచు వెంట సమానంగా, ఒకే సైజులో, పూసలు గుచ్చినట్టు చుక్కలు. రెండోదానిలో అక్కడొకటి ఇక్కడొకటి, ఒకటి చిన్నది ఒకటి పెద్దది, పైన కాలీఫ్లవర్‌లా గరుకు. మొదటిది నాది. రెండోది పులిపిర్లు, హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చేవి, అక్కడ వచ్చే పులిపిర్లలో నూటికి తొంభై ఆ వైరస్‌లో 6, 11 అనే రకాలవి. అవి వారాల్లో పెరుగుతాయి, కొత్తవి వస్తాయి, అంగం మీద ఎక్కడైనా రావచ్చు. ముత్యాలు పెరగవు, ఒకదానిలో ఒకటి కలిసిపోవు, వరస దాటవు. లెన్సులో చూస్తే ఒక్కోదాని మధ్యలో చుక్కలాగా సన్నటి రక్తనాళం కనిపిస్తుంది, అది ఆయనకి గుర్తు. ఇంట్లో అద్దంలో చూసి మనం తేల్చుకునేది కాదు కాబట్టి ఒక్కసారి డాక్టర్ కన్ను పడటం మంచిది, కానీ ఒక్కసారి చాలు. ఏదైనా తేడాగా కనిపిస్తే అప్పుడు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారట, నాకు అవసరం లేదన్నారు.

ఇంకో మాట అన్నారు, అది నాకు చాలా నచ్చింది. ఆడవాళ్ళకి కూడా యోని ద్వారం దగ్గర ఇలాంటివే సహజంగా ఉంటాయట, వాటిని కూడా పులిపిర్లు అనుకుని భయపడతారట. "రేపు మీ ఆవిడ ఎప్పుడైనా భయపడితే నువ్వు అనుమానించకు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు" అన్నారు. పెళ్ళికి ముందు ఇలాంటి మాట నాకు చెప్పిన పెద్దమనిషి ఆయన ఒక్కరే.

మిగతా వాటి గురించి కూడా అడిగాను, వెళ్ళిందే వెళ్ళాను కదా అని. వృషణాల సంచి మీద, అంగం కింది వైపు పసుపు పచ్చగా ఇసుక రేణువుల్లా కనిపించేవి ఫోర్డైస్ స్పాట్స్. వెంట్రుక లేకుండా ఉన్న నూనె గ్రంథులు అవి, చర్మం సాగదీస్తే బాగా కనిపిస్తాయి. పెదవుల మీద కూడా ఉంటాయి, పెద్దవాళ్ళలో నూటికి 70, 80 మందికి ఎక్కడో ఒకచోట ఉంటాయి. 1896లో వీటి గురించి రాసిన అమెరికా చర్మ వైద్యుడి పేరే వాటికి పెట్టారు. అంగం కింద నరంలా కనిపించే మడతకి చెరో పక్కన చిన్న బొడిపె ఉండటం కూడా మామూలే. వెంట్రుకల కుదుళ్ళు చలికి రోమాలు లేచినట్టు గుండ్రంగా కనపడటం మామూలే. వయసు మీద పడ్డాక సంచి మీద ఎర్రగా, నేరేడు రంగులో చిన్న చుక్కలు వస్తాయి, అవి ఉబ్బిన రక్తనాళాలు, గోకితే కాస్త రక్తం వస్తుంది, అంతకుమించి ఏమీ లేదు.

ఈ చివరిది విని ఇంటికి వచ్చాక మా బావకి చెప్పాను. మా అక్క మొగుడు, నలభై ఆరేళ్ళు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర టీ తాగుతూ చెప్తుంటే మనిషి సైలెంట్ అయిపోయాడు, చివరికి గ్లాసు కింద పెట్టి "నాకు నాలుగేళ్ళ నుంచి ఉన్నాయిరా అవి, క్యాన్సరేమో అని ఎవరికీ చెప్పలేదు, మీ అక్కకి కూడా" అన్నాడు. నాలుగేళ్ళు. ఇద్దరు పిల్లల తండ్రి, ఎల్ఐసీ పాలసీలు రెండు అదనంగా కట్టింది అందుకేనట. మరుసటి వారం నేనే తీసుకెళ్ళాను, అదే డాక్టర్ గారు, అదే తెర, ఈసారీ మందు రాయలేదు. ఆ రోజు బావ నన్ను జగదాంబ దాకా తీసుకెళ్ళి బిర్యానీ పెట్టించాడు.

అయితే అన్నీ ముత్యాలే అనుకుని ఊరుకోకూడదు, ఇది కూడా ఆయన గట్టిగా చెప్పారు కాబట్టి రాస్తున్నాను. పుండు పడితే, అది నొప్పి లేకపోయినా సరే, వెళ్ళాల్సిందే. నొప్పి లేని పుండు సిఫిలిస్ కావచ్చు, దానంతట అది మానిపోయినట్టు కనిపిస్తుంది కానీ జబ్బు లోపల ఉంటుంది. మంటతో నీటి పొక్కులు గుత్తిగా వచ్చి పగిలితే హెర్పిస్ కావచ్చు. మధ్యలో బొడ్డులా గుంట ఉన్న నున్నటి బొడిపెలు వేరే వైరస్‌వి. రాత్రిళ్ళు విపరీతమైన దురద, ఇంట్లో మరొకరికి కూడా దురద, అంగం మీద గట్టి ముద్దల్లాంటివి ఉంటే అది గజ్జి, ఇంటిల్లిపాదీ మందు రాసుకోవాలి. ముందు చర్మం మాటిమాటికి పగిలి తెల్లటి పూత వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోమన్నారు, షుగర్ ఉందని కొంతమందికి మొదట తెలిసేది అలాగేనట. మన ఊరి ఉక్కపోతలో, చెమటలో, బిగుతు జీన్స్‌లో గజ్జల్లో తామర రావడం వేరే సంగతి, దానికి కూడా షాపు ట్యూబు కాదు, డాక్టర్ చీటీ కావాలి.

లేజర్ గురించి కూడా అడిగాను, 25,000 మాట ఇంకా మనసులో ఉంది. ముత్యాలని కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో తీసేయవచ్చు, అది నిజమే, గడ్డకట్టించి తీసే పద్ధతి కూడా ఉంది. ఎంత చెప్పినా మనసు కుదుటపడని వాళ్ళకి కొందరు డాక్టర్లు చేస్తారు. కానీ జబ్బు కాని దాని కోసం మచ్చ పడే ప్రమాదం, రంగు మారే ప్రమాదం, అంత సున్నితమైన చోట నొప్పి, ఎందుకు? "నా కొడుక్కి అయితే చేయించను" అన్నారు. ఆయన క్లినిక్‌లో ముఖానికి వాడే లేజర్ గది ఉంది, బోర్డు కూడా ఉంది. ఒక్క మాట అంటే నేను అప్పు చేసి అయినా కట్టేవాణ్ణి. ఆ మాట ఆయన అనలేదు. నేను ఐదు స్టార్లు ఇస్తున్నది దీనికే.

మంటకి ఏం రాయాలి అంటే ట్యూబు ఆపేయమని, ఇంట్లో ఉన్న వాజలిన్ పల్చగా రాయమని, అక్కడ సబ్బు, డెట్టాల్ పోయవద్దని, ముందు చర్మం వెనక్కి తీసి మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలని అన్నారు. ఎనిమిదో రోజు మళ్ళీ చూపించాను, మంట తగ్గింది. పది రోజుల లోపు వెళ్తే రెండోసారి ఫీజు లేదు.

పాత పరిచయం సంగతి దాచకుండా చెప్పాను. తల కూడా ఎత్తకుండా, మామూలు విషయంలాగా, బొడిపెలకీ దానికీ సంబంధం లేదు కానీ పెళ్ళికి ముందు హెచ్ఐవీ, సిఫిలిస్ రక్త పరీక్షలు చేయించుకుంటే మనశ్శాంతి అన్నారు. ఇక్కడే చేయించుకో అనలేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అని ఉంటాయి, హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు రహస్యంగా ఉంచుతారు, ముందూ తర్వాతా కౌన్సెలర్ మాట్లాడతారు అని చెప్పారు. వెళ్ళాను, రెండూ నెగెటివ్. ఫీజు కట్టే స్తోమత లేనివాళ్ళు కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కి వెళ్ళవచ్చు, అక్కడ చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని బోర్డు కనిపిస్తే అది ఇలాంటి సమస్యల కోసమే. మొహం చూపించి మాట్లాడలేని వాళ్ళకి 1097 నంబరు ఉంది, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాళ్ళ హెల్ప్‌లైన్, డబ్బు పడదు.

ఇక మిగతా వివరాలు. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. బండి పెట్టుకోవడానికి చోటు చాలా తక్కువ, రోడ్డు మీద పెడితే ఎత్తుకెళ్తారు, పక్క సందులో పెట్టుకోవాలి. హాల్లో ఏసీ ఉంది కానీ జనం ఎక్కువైతే తెలియదు. బాత్రూమ్ శుభ్రంగా ఉంది. సాయంత్రం ఐదున్నరకి డాక్టర్ గారు కూర్చుంటారు, ఐదింటికల్లా వెళ్తే పదో నంబరు లోపు టోకెన్ దొరుకుతుంది, ఏడు దాటాక వెళ్తే తొమ్మిదింటి దాకా కూర్చోవాలి. సోమవారం బాగా రద్దీ, బుధవారం నయం. రిసెప్షన్ సంగతి రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టర్ గారికి నేరుగా చెప్పాను, రాసుకున్నారు. బావని తీసుకెళ్ళిన రోజు కూడా కౌంటర్‌లో అదే ప్రశ్న, అంతే గట్టిగా. బావ "డాక్టర్ గారితో చెప్తానమ్మా" అన్నాడు, టోకెన్ పదకొండు.